మూడొందల ముప్ఫై ఎనిమిది క్షేమమేనా?

మనిషి ఎదురుపడితే "బాగున్నారా" అని అడగడం డెస్మండ్ థ్రెల్ఫాల్‌కి చేతకాదు. "కారు బాగుందా" అని అడుగుతాడు. ఏ కారు పడితే ఆ కారు కాదు, ప్లోవర్ కారు. దాన్నయినా పేరు పెట్టి అడగడు, చాసిస్ నంబరు పెట్టి అడుగుతాడు.

మారియన్ ఓల్డ్‌రాయిడ్ అతన్ని మొట్టమొదటిసారి చూసింది స్కిప్టన్ సంతలో. రెండు చేతుల్లో రెండు క్యాబేజీలు పట్టుకుని నిలబడి ఉంది. టై కట్టుకుని, మెడలో తాడుకి టార్చిలైటు వేలాడదీసుకున్న ఒక పొడుగాటి మనిషి తిన్నగా ఆమె దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

"రెండొందల పద్నాలుగు ఎలా ఉందండీ?"

"రెండొందల పద్నాలుగేమిటి?"

"మీరేనండీ."

ఆమె అటూ ఇటూ చూసింది. కూరగాయలవాడు కూడా ఆసక్తిగా చూస్తున్నాడు.

"మీవారు పోయిన గురువారం కొన్న లేతాకుపచ్చ కారు. దాని వెనక చక్రం దగ్గర ఇప్పటికీ చప్పుడొస్తోందా? పందొమ్మిదొందల డెబ్బై ఒకటిలో కూడా వచ్చేది."

అలా పరిచయమైంది. తర్వాత పందొమ్మిదేళ్లలో అతను ఆమెని ఒక్కసారి కూడా మారియన్ అనలేదు. మర్యాద గుర్తొస్తే మిసెస్ ఓల్డ్‌రాయిడ్, లేకపోతే రెండొందల పద్నాలుగు.

ప్లోవర్ గురించి చెప్పాలి. హాలిఫాక్స్ ఊరి బయట ఒక షెడ్డులో, ఒక చిన్న కంపెనీవాళ్లు ఆరేళ్లపాటు ఆ కార్లు తయారుచేశారు. మొత్తం ఆరొందల పదకొండు. ఆ తర్వాత షెడ్డు మూసేశారు. ఇద్దరు పట్టే కారు, పిట్ట ముక్కులాంటి ముందుభాగం, నేలకి జానెడెత్తున సీటు. వానొస్తే లోపలికి నీళ్లొస్తాయి. యార్క్‌షైర్‌లో వాన రానిదెప్పుడు గనక? అయినా దాన్ని ప్రేమించేవాళ్లున్నారు. వాళ్లకొక సంఘం ఉంది. ఆ సంఘానికొక యజమానుల పట్టిక ఉంది. ఆ పట్టిక రాసే రిజిస్ట్రారే డెస్మండ్.

కంపెనీ మూతపడినప్పుడు దాని కాగితాలన్నీ ఎవరో పొయ్యిలో పెట్టేశారు. అంచేత ఏ ప్లోవర్ ఎప్పుడు పుట్టింది, ఎవరింట్లో పెరిగింది, ఏ గోడకి గుద్దుకుంది అన్న సంగతి ప్రపంచంలో ఒక్కచోటే దొరుకుతుంది. డెస్మండ్ ఇంట్లో నాలుగు లావుపాటి నీలం అట్ట పుస్తకాల్లో. కారుకొక పేజీ. ఎవరైనా ప్లోవర్ కొంటే అతను పంపే ఫారంలో నలభై ఆరు గళ్లు నింపాలి. నలభై అయిదు నింపి పంపితే ఫారం వెనక్కొస్తుంది, ఖాళీ గడి చుట్టూ ఎర్రటి సున్నాతో.

మారియన్ మొగుడు కోలిన్ ఫారం నింపాడుగానీ కారు తోలలేకపోయాడు. నడుంనొప్పి మనిషి. అంత కిందికి కూర్చోవడం కూర్చున్నాడు, లేవడం మాత్రం పొరుగింటివాళ్లొస్తేగాని కుదరలేదు. దాంతో కారు మారియన్‌కొచ్చింది. కారుతోపాటు సంఘం కార్యదర్శి పదవి వచ్చింది. పదవితోపాటు డెస్మండ్ వచ్చాడు.

"ఆ మనిషికి సొంత కారు ఏది?" అని కోలిన్ ఓసారి అడిగాడు.

"లేదు."

"ప్లోవర్ లేకపోతే పోనీ. వేరేదేదైనా?"

"అసలు తోలడమే రాదు. బస్సులో వస్తాడు."

అది నిజమే. ముప్ఫై నాలుగేళ్లు నీటిసరఫరా ఆఫీసులో, ఏ వీధి కింద ఏ గొట్టం పోతుందో ఆ పటాలు భద్రపరిచే ఉద్యోగం చేశాడు. డ్రైవింగు పరీక్షకి నాలుగుసార్లు వెళ్లాడు. బ్రేకు వెయ్యమని పరీక్షించేవాడు అరిస్తే, ఆ రకం బ్రేకు ఏ సంవత్సరంలో వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాడట. అప్పటికే కారు పూలకుండీల్లోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రయత్నం మానేశాడు.

"ఒకందుకు మంచిదేనండీ," అనేవాడు మారియన్‌తో. "పట్టిక రాసేవాడికి సొంత కారుంటే దాని పేజీలో రెండు మంచి మాటలు ఎక్కువ పడతాయి. పక్షపాతం."

*

హెరాల్డ్ గాస్కిన్ అంత్యక్రియల నాడు మారియన్ సిగ్గుతో చచ్చిపోయింది. హెరాల్డ్ సంఘంలో అందరికన్నా పాత సభ్యుడు, తొంభై ఆరో నంబరు కారు యజమాని. చర్చి గుమ్మంలో అతని భార్య నల్లబట్టల్లో నిలబడితే ఒక్కొక్కరే వెళ్లి చెయ్యి పట్టుకుని నాలుగు ముక్కలు చెబుతున్నారు. డెస్మండ్ వంతు వచ్చింది. రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో మంచిమాట చెప్పబోతున్నాడని మారియన్ అనుకుంది.

"తొంభై ఆరు మీద టార్పాలిన్ కప్పారా?" అన్నాడు.

వెనకనున్న పాదిరిగారికి పొలమారింది. మారియన్ అతని కాలు తొక్కింది.

"లేదు," అంది హెరాల్డ్ భార్య, ఏమనాలో తెలీక.

"వానొచ్చేలా ఉందండీ."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత అందరూ టీ తాగుతుండగా నిజంగానే వాన దంచేసింది. సాయంత్రం హెరాల్డ్ భార్య ఇంటికెళ్తే కారు మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా తాడు కట్టి ఉంది. నాలుగు రోజులుగా దండెం మీద వదిలేసిన దుప్పట్లు మడతపెట్టి వంటింటి మెట్టు మీద, తడవకుండా, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఈ సంగతి ఆవిడే మారియన్‌కి చెప్పింది. మారియన్ అప్పట్లో టార్పాలిన్ సంగతే పట్టించుకుంది. దుప్పట్ల సంగతి పట్టించుకోలేదు.

"శవం దగ్గర కూడా కారేనా డెస్మండ్?" అని దులిపేసింది.

"మరి హెరాల్డ్‌ని తడవకుండా కాపాడ్డం నా చేతుల్లో లేదు కదండీ," అన్నాడతను.

*

ఇంత చాదస్తాన్ని సంఘం ఎందుకు భరించిందంటే, హారోగేట్‌లో ఒక ఏడు జరిగిన పాతకార్ల ప్రదర్శన వల్ల. ఆ ఏడు ఒక వ్యాపారి తెల్లకోటు వేసుకుని ఒక ఎర్ర ప్లోవర్ తెచ్చాడు. పందొమ్మిదొందల యాభై తొమ్మిదిలో కొండెక్కే పందెం గెలిచిన ఇరవై ఏడో నంబరు కారు అదేనన్నాడు. ఇల్తాఫ్ మీర్ అని, బ్రాడ్‌ఫర్డ్‌లో ముప్ఫయ్యేళ్లు బస్సు తోలి రిటైరైన మనిషి, దాని చుట్టూ పొద్దుటి నుంచీ తిరుగుతున్నాడు. చిన్నప్పుడు ఆ పందెం చూశాడట. కొనెయ్యడానికి సిద్ధమైపోయాడు.

డెస్మండ్ టై సర్దుకుని బురదలో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. బయటికి బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ బూట్ల వైపు నుంచే మాట వచ్చింది.

"ఇది ఇరవై ఏడు కాదు."

"నంబరు కొట్టి ఉందిగా పెద్దాయనా, కనబడ్డం లేదా?" అన్నాడు వ్యాపారి.

"నంబరుంది. రివెట్లు లేవు. అరవై ఒకటిలో కెండల్ ఊరి పళ్లడాక్టరు ఇరవై ఏడుని పాలబండికి గుద్దాడు. ఎడంపక్క చట్రానికి రేకు అతికించి ఆరు రివెట్లు కొట్టారు. ఇక్కడ రేకూ లేదు, రివెట్లూ లేవు."

"తర్వాత బాగుచేయించి ఉంటారు."

"ఉండొచ్చు. మరి సీటు కింద ఈ గుండ్రటి కాలిన మచ్చ? అరవై ఎనిమిదిలో ఒక పాదిరిగారు కారులోనే కిరసనాయిలు స్టవ్వు మీద టీ కాచుకున్నారు. ఇంత గుండ్రంగా కాలింది ఆరొందల పదకొండు కార్లలోనూ ఒక్కటే." బయటికొచ్చి బురద దులుపుకున్నాడు. "ఇది నాలుగొందల మూడు. మంచి కారే. చేసిన పాపమేమీ లేదు. దాని పేరు దానికిచ్చెయ్యండి."

వ్యాపారి మొహం కారు రంగులోకి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆ కారు అసలు పేరుతో, అసలు విలువకి ఇల్తాఫ్ మీర్ చేతికొచ్చింది. అతను డెస్మండ్‌ని కావలించుకున్నాడు. ఆ బురద ఇద్దరికీ అంటింది.

"మీ పేరేమిటన్నా?" అనడిగాడు ఇల్తాఫ్.

"ఫారం పంపిస్తాను, నాలుగొందల మూడు గారూ," అన్నాడు డెస్మండ్.

అప్పట్నుంచీ 'ఇది ఫలానా నంబరు కారే' అని సంఘం ఉత్తరమిస్తే బీమా కంపెనీలు మారు మాట్లాడేవి కావు. కొనేవాళ్లు దానికోసం ఎదురు చూసేవాళ్లు. డెస్మండ్ రాశాడంటే అది రాయి మీద రాతే.

ఒక్క మంగళవారాలు మాత్రం ఎవరూ అతని జోలికి వెళ్లేవాళ్లు కారు. ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటి నుంచి అతని ఫోను ఖాళీ ఉండదు. "తనిఖీలండీ" అనేవాడు. నడవని కార్ల యజమానులకి వరసగా ఫోన్లు చేసి, టైర్లలో గాలి ఉందా, ఇంజను చేత్తో తిప్పారా, తుప్పు ఎంతవరకు పాకింది అని అడుగుతాడని అందరూ చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. పాపం వాళ్లు, ఆ జోరీగని ఎలా భరిస్తున్నారో అనుకునేది మారియన్.

*

ఆ తర్వాత సంఘానికి కొత్త అధ్యక్షుడొచ్చాడు, ఆడ్రియన్ మిడ్జ్‌లీ. బీమా కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి వచ్చినవాడు. చెడ్డవాడేమీ కాదు, పని తెలిసినవాడు. నవ్వించాలంటే మాత్రం ముందుగా ఉత్తరం రాసుకోవాలి. పట్టిక మొత్తం కంప్యూటరులోకి ఎక్కించాలన్నాడు. డెస్మండ్ నాలుగు పుస్తకాలూ ఫొటోకాపీ తీయించి ఇచ్చాడు. మిడ్జ్‌లీ ఒక్కో పేజీ కూర్చుని సరిచూశాడు. రెండు నెలల తర్వాత మారియన్‌ని పిలిచాడు.

"మూడొందల ముప్ఫై ఎనిమిది. పట్టికలో ఏముందో చదవండి."

మారియన్ చదివింది. "'గ్యారేజీలో భద్రం. నడవదు. యజమాని మిసెస్ ఎనిడ్ బాటర్స్‌బీ, మోర్కమ్. తనిఖీ, ప్రతి నెలా.' అయితే?"

"ఇది చూడండి."

ఫొటో. ఎవరో పాత తుక్కుబజారు ఫొటోలన్నీ ఇంటర్నెట్టులో పెట్టారట. ఒక నీలం ప్లోవర్, సగం అప్పడంలా నలిగిపోయి, క్రేను కొక్కేనికి వేలాడుతోంది. నంబరు పలక స్పష్టంగా కనిపిస్తోంది. కింద తేదీ, పందొమ్మిదొందల తొంభై నాలుగు.

"లేని కారుని ఈయన నెలనెలా తనిఖీ చేస్తున్నాడు," అన్నాడు మిడ్జ్‌లీ. "అయితే మతి పోయుండాలి, లేకపోతే అబద్ధం రాస్తుండాలి. ఈ ఒక్కటి బయటికి తెలిసిందంటే మిగతా ఆరొందల పదీ ఎవరు నమ్ముతారు? మీరు వెళ్లి కళ్లారా చూసి రండి. కారు లేకపోతే సర్వసభ్య సమావేశంలో ఆయన తప్పుకోవాల్సిందే."

మారియన్ ఈ సంగతి డెస్మండ్‌కి చెప్పింది. వాదిస్తాడనుకుంది. రివెట్ల లెక్క చెబుతాడనుకుంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మోర్కమ్‌లో గాలెక్కువండీ," అన్నాడు. "కోటు వేసుకుని వెళ్లండి."

పందొమ్మిదేళ్లలో అతను కారు గురించి కాక మనిషి గురించి మాట్లాడింది అదే మొదలు. మారియన్‌కి అర్థమైపోయింది. అంటే కారు లేదన్నమాట.

*

ఎనిడ్ బాటర్స్‌బీకి ఎనభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు బడిలో మూడొందలమంది పిల్లలకి వండిపెట్టిన మనిషి. గొంతులో ఇప్పటికీ ఆ గరిటె చప్పుడుంది. సముద్రానికి రెండు వీధుల ఇవతల చిన్న ఇల్లు. మారియన్ తానెవరో చెప్పగానే ఆవిడ తలుపు సగం మూసేసింది.

"ఆయన పంపించాడా?"

"లేదండీ. సంఘం తరఫున వచ్చాను. గ్యారేజీ ఒకసారి..."

ఎనిడ్ ఆమెని ఎగాదిగా చూసింది. తర్వాత నిట్టూర్చి, చేతికర్ర అందుకుని, పక్కనున్న గ్యారేజీ తలుపు తెరిచింది. లోపల ఖాళీ జాం సీసాలు, ఒక ఇస్త్రీబల్ల, మూడు మడతకుర్చీలు. కారు లేదు. కారుండే చోటుకి గుర్తుగా నేలమీద నూనె మరక కూడా లేదు.

"మా ఆయన విల్ఫ్ తొంభై నాలుగులోనే తుక్కువాడికిచ్చేశాడు," అంది. "కళ్లు కనపడ్డం మానేశాయి. తోలలేని కారు గుమ్మంలో ఉంటే రోజూ దాన్ని తడుముకుని ఏడుస్తున్నాడు. ఇచ్చెయ్యమన్నాను. లోపలికి రా అమ్మాయ్, చలి."

అరవై మూడేళ్ల మారియన్ అమ్మాయిలాగే బుద్ధిగా లోపలికెళ్లింది. టీ వచ్చింది.

"మరి ఆయన ఫోను చేస్తే కారుందని ఎందుకు చెబుతున్నారండీ?"

"ఏం చెయ్యమంటావు? విల్ఫ్ పోయి పదకొండేళ్లయింది. తను పోయిన ఆ వారంలోనే ఫోను మోగింది. 'మూడొందల ముప్ఫై ఎనిమిది క్షేమమేనా?' అన్నాడు. ఎవరో ఏమిటో తెలీదు. పోయింది నాయనా అని చెప్పబోయాను. కానీ ఆ గొంతు ఎలా వణుకుతోందనుకున్నావ్! లేదంటే ఆ మనిషి అక్కడే కూలబడేలా ఉన్నాడు. 'బాగుంది' అన్నాను. ఒక్కసారంటే మళ్లీ మళ్లీ అనాలి కదా."

సొరుగులోంచి ఒక చిన్న నోటుపుస్తకం తీసింది. అందులో తేదీలవారీగా ఆవిడ చెప్పిన అబద్ధాలన్నీ ఉన్నాయి. 'మార్చి. వెనక ఎడమ టైరుకి గాలి కొట్టించాను.' 'జూన్. ఇంజను తిప్పాను, కష్టంగా తిరిగింది.' 'నవంబరు. సీటులో ఎలుకలు.'

"రాసుకోకపోతే పట్టేస్తాడు అమ్మాయ్. పోయిన నెల కుడి టైరన్నారు, ఈ నెల ఎడమంటున్నారేం అంటాడు. ఎలుకలని ఒకసారి నోరుజారాను. పోస్టులో నాలుగు డబ్బాలు కలరా ఉండలు పంపించాడు. ఇల్లంతా అదే వాసన."

మారియన్ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. నవ్వొస్తే ఒలికిపోతుందని.

"టైర్ల సంగతి రెండు నిమిషాలు. ఆ తర్వాత అరగంట కబుర్లే. సముద్రం ఎంతదాకా వచ్చింది, నేనేం వండుకున్నాను, మోకాళ్లెలా ఉన్నాయి. మోకాళ్లు అని అడగడులే. 'గ్యారేజీ దాకా నడవగలుగుతున్నారా' అంటాడు. రెండేళ్ల కింద చలికాలంలో ఒక మంగళవారం నేను ఫోనెత్తలేదు. వంటింట్లో పడిపోయి తుంటి విరిగింది. ఎత్తేదెలా? ఆయన పక్కింటివాళ్ల నంబరు సంపాదించి ఫోను చేశాడట. 'మూడొందల ముప్ఫై ఎనిమిది మీద నీళ్లు కారుతున్నాయేమో, దయచేసి ఇప్పుడే వెళ్లి చూడండి' అన్నాడట. వాళ్లకి ముక్క అర్థం కాలేదు. అయినా వచ్చి చూశారు. నేనున్నాను నేలమీద."

ఎనిడ్ నోటుపుస్తకం మళ్లీ సొరుగులో పెట్టేసింది.

"ఆయనకి చెప్పకమ్మా," అంది ఎనిడ్. "పిచ్చి మనిషి. ఆ కారు మీదే ప్రాణం పెట్టుకున్నాడు. లేదని తెలిస్తే ఏమైపోతాడో."

మారియన్ చెప్పనని మాటిచ్చింది. అల్లం కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టి ఎనిడ్ ఆమె చేతిలో పెట్టింది. "ఆయనకి. నీ తరఫున ఇచ్చినట్టు ఇవ్వు."

*

మర్నాడు డెస్మండ్ ఇంట్లో మారియన్ మూడో పుస్తకం తెరిచింది. అతను అడ్డు చెప్పలేదు. మూడొందల ముప్ఫై ఎనిమిదో పేజీలో సిరా రాత మీద ఒక చీటీ అతికించి ఉంది. చీటీ మీద రాసింది పెన్సిలుతో. ఫొటోకాపీలో పెన్సిలూ సిరా ఒక్కలాగే కనిపించాయి. ఆమె చీటీ అంచు గోటితో ఎత్తి చూసింది. అడుగున నల్లటి సిరాతో, 'తొంభై నాలుగు, ఏప్రిల్. తుక్కు. స్వయంగా చూశాను.'

"మీకు తెలుసన్నమాట!"

"రెండు బస్సులు మారి వెళ్లానండీ. క్రేను ఎత్తుతుంటే అక్కడే ఉన్నాను." అతనికి అది అవమానంగా తోచినట్టుంది. "రిజిస్ట్రారుని కదండీ, నాకు తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరెందుకీ పెన్సిలు?"

డెస్మండ్ టార్చిలైటు తాడు వేళ్లకి చుట్టుకున్నాడు.

"విల్ఫ్ పోయాడని పేపర్లో చూశాను. పలకరిద్దామని ఫోను చేశాను. ఆవిడ హలో అన్నారు. నాకు మాట రాలేదు. నాకు చేతనైన మాట ఒకటే కదా, అదే వచ్చేసింది. ఆవిడ 'బాగుంది' అన్నారు. పాపం, మొగుడి కారు పోయిందని పైకి చెప్పుకోలేకపోతున్నారని అర్థమైంది. లేదు, తుక్కయిపోయింది, నేను చూశానని ఎలా చెప్పనండీ ఆవిడకి? చిన్నబుచ్చినట్టవదూ?"

"సరే. తర్వాత నెలనెలా చెయ్యడం ఎందుకు?"

"ఊరికే ఫోను చేసి ఎలా ఉన్నారని అడుగుతారా మిసెస్ ఓల్డ్‌రాయిడ్? పరాయి ఆడమనిషిని! ఏదో ఒక ఆధారం ఉండాలి కదా. కారు లేకపోతే ఏ హోదాలో అడగను?"

మారియన్ పుస్తకాలు తిరగేసింది. అలాంటి చీటీలు మొత్తం పదకొండు. అన్నీ ఒంటరిగా ఉండేవాళ్లవే. తొంభై ఆరో నంబరుకీ ఒకటుంది. హెరాల్డ్ భార్య కారు అమ్మేసి ఆరేళ్లయింది. ఆ పదకొండింటిలో దేనికీ సంఘం ఉత్తరం మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. ఉత్తరాల కట్ట తానే చూసుకుంటుంది గనక ఆ సంగతి మారియన్‌కి తెలుసు. అడిగినవాళ్లకి సిరా రాతే చెప్పేవాడు. పెన్సిలు రాత మంగళవారాలకి మాత్రమే.

ఆమె తిన్నగా మిడ్జ్‌లీ ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పనని మాటిచ్చింది డెస్మండ్‌కి చెప్పనని. మిడ్జ్‌లీ మాట అందులో లేదు. అతను మొత్తం విని చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

"కారుందా లేదా అని కదా నేనడిగింది," అన్నాడు చివరికి.

"కారు లేదు. కానీ దీని పేరు కార్ల పట్టిక కాదండీ, యజమానుల పట్టిక. మొదటి పుస్తకం అట్ట మీదే ఉంది. యజమానిని నేను కళ్లారా చూశాను. భద్రంగా ఉన్నారు."

"అది మాటల గారడీ, మిసెస్ ఓల్డ్‌రాయిడ్."

"అవును."

మిడ్జ్‌లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. "సిరా అంతా కంప్యూటరులోకి వెళ్తుంది. అక్కడ మూడొందల ముప్ఫై ఎనిమిది తుక్కే. బయటికిచ్చే ఉత్తరాలన్నీ దాన్నిబట్టే. పెన్సిలుతో నాకు సంబంధం లేదు. నీలం పుస్తకాల్లో ఆయన బొమ్మలు వేసుకున్నా నేను చూడను." గుమ్మం దాకా వచ్చి ఒక్క క్షణం ఆగాడు. "మంగళవారం ఫోన్లకి... కారు నడవకుండా ఉండాలా? నడిచే కారున్నవాళ్లకి చెయ్యరా?"

"అడిగి చెబుతాను," అంది మారియన్. అతని భార్య విడిపోయి వెళ్లి ఏడాదైందని ఆమెకి అప్పుడే గుర్తొచ్చింది.

సర్వసభ్య సమావేశం పబ్బు వెనక గదిలో జరిగింది. డెస్మండ్ రాజీనామా కాగితం నలభై ఆరు గళ్లూ నింపినంత శ్రద్ధగా రాసుకుని జేబులో పెట్టుకొచ్చాడు. మిడ్జ్‌లీ పట్టిక అంశాన్ని ఒకటిన్నర నిమిషంలో ముగించాడు. "కంప్యూటరు ప్రతి సిద్ధం. రిజిస్ట్రారుగా మిస్టర్ థ్రెల్ఫాల్ కొనసాగుతారు. ఎవరికైనా అభ్యంతరమా?"

"అభ్యంతరం చెప్పినవాణ్ణి నా కారు కింద పడుకోబెడతాను," అన్నాడు ఇల్తాఫ్ మీర్ వెనకనుంచి. అంతా నవ్వారు. మిడ్జ్‌లీ కూడా, ఉత్తరం రాయకుండానే.

అందరూ గ్లాసులు తెచ్చుకోవడానికి లేచారు. డెస్మండ్ మాత్రం సంచిలోంచి ఒక ఫారం తీసి మారియన్ ముందు పెట్టాడు.

"తనిఖీకి వెళ్లొచ్చారు కదండీ. ఫారం ఇవ్వలేదు."

మారియన్ అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమీ లేదు, నీటిసరఫరా ఆఫీసు తప్ప.

"అడగండి, నేను చెబుతాను. మీరే రాసుకోండి," అంది.

అతను పెన్సిలు తీశాడు. "రంగు?"

"కాస్త వెలిసింది."

"టైర్లు?"

"ముందువి రెండూ మెత్తబడ్డాయి."

"తుప్పు?"

"ఆ వయసుకి ఉండాల్సినంతే."

"యజమాని?"

"దిట్టంగా ఉన్నారు. మెట్లెక్కితే తుంటి నొప్పి. ఈ కేకు పంపించారు." నీ తరఫున ఇచ్చినట్టు ఇవ్వమన్న సంగతి ఆమె పాటించలేదు.

డెస్మండ్ ఆ కాగితం పొట్లం వైపు చాలాసేపు చూశాడు. విప్పి, ఒక ముక్క విరిచి, నోట్లో వేసుకున్నాడు.

"వచ్చే నెల నాతో రండి డెస్మండ్," అంది మారియన్. "రెండొందల పద్నాలుగులో తీసుకెళ్తాను. మీరే చూసుకోవచ్చు."

అతను హడలిపోయాడు. "నేనా? నేనొస్తే గ్యారేజీ తెరవాల్సొస్తుంది కదండీ!"

"అవును, తెరవాల్సొస్తుంది."

అతను కేకు నములుతూ ఆలోచించాడు. రెండో ముక్క కూడా అయిపోయింది. అప్పుడు ముందుకి వంగి, గొంతు తగ్గించి, చాలా ముఖ్యమైన సాంకేతిక విషయం అడుగుతున్నట్టు అడిగాడు.

"నేను వచ్చిన రోజున గ్యారేజీ తాళంచెవి కనపడకుండా పోయే అవకాశం ఏమైనా ఉందంటారా?"

"చాలా ఎక్కువగా ఉంది."

డెస్మండ్ తలూపాడు. 'ఇతర విషయాలు' అన్న ఆఖరి గడిలో, పెన్సిలుతో, గుండ్రటి అక్షరాల్లో రాసుకున్నాడు. 'తాళంచెవి పోయినది. టీ తాగి రావలెను.'